లక్షా ముప్పై ఐదు వేలు పెట్టినా గేమ్ ఆడదా?

2025 దసరాకు వారం ముందు భూపాలపల్లి నుంచి ఫోన్. మా చిన్నాయన కొడుకు. వాడు ఫోన్ చేశాడంటే రెండే కారణాలు. ఒకటి రీఛార్జ్, రెండోది గేమ్.

"అన్నా, హన్మకొండల ఒక సిస్టమ్ చూసినం. మొత్తం స్క్రీన్లనే ఉన్నది. సీపీయూ డబ్బా లేదు, వైర్లు లేవు. బాపు గూడ ఓకే అన్నడు. గేమింగ్‌కు మంచిగ నడుస్తదా?"

"ఎంత చెప్పిండు?"

"లక్షా ముప్పై ఐదు వేలు."

"అడ్వాన్స్ ఇచ్చిన్రా?"

"రేపు ఇస్తం."

"రేపు ఇయ్యకుర్రి. రెండు రోజులు ఆగుర్రి" అన్నాను. ఇవతల నేను అలా అనేసరికి అవతల వాడి మొహం ఎలా మారి ఉంటుందో ఊహించుకోగలను.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పాలి. మా చిన్నాయన సింగరేణి కార్మికుడు. ఏటా దసరాకు ముందు కంపెనీ లాభాల్లో వాటా పంచుతారు కదా, ఆ ఏడు 34 శాతం ప్రకటించారు. సగటున ఒక్కో పర్మినెంట్ కార్మికుడికి లక్షా 95 వేల రూపాయలు. బాయి పని చేసే ఇంట్లో ఆ డబ్బు కోసం ఏడాది పొడుగునా లిస్టు తయారవుతూనే ఉంటుంది. చెల్లె కాలేజీ ఫీజు, ఇంటి స్లాబ్, అప్పు మిత్తి... ఆ లిస్టులో పైకి ఎగబాకి కూర్చుంది ఈ 'స్క్రీన్ సిస్టమ్'. అందుకే ఆ రెండు రోజులు నేను ఆఫీసు పని కంటే ఈ పనే ఎక్కువ చేశాను.

అసలు ఇది డెస్క్‌టాపేనా?

వాడు చూసింది యాపిల్ ఐమాక్. 24 అంగుళాలది, ఎం4 చిప్ ఉన్నది. 2024 అక్టోబర్‌లో వచ్చింది, మన దేశంలో మొదలు ధర 1,34,900. షాపులో దాన్ని చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. తప్పు మనది కాదు. మందం 11.5 మిల్లీమీటర్లు. హాల్లో పెడితే పెంబర్తి ఇత్తడి జ్ఞాపిక పెట్టినంత అందం.

అయితే ఆ అందం వెనక ఏముందో చూడాలి. మన దగ్గర క్యాబినెట్ డబ్బానే 'సీపీయూ' అంటారు. ఐమాక్‌లో ఆ డబ్బా మాయం కాలేదు. స్క్రీన్ కింద రంగు పట్టీ ఒకటి ఉంటుంది చూడండి, గడ్డంలాగా. మొత్తం కంప్యూటర్ అందులోనే ఉంది. బోర్డు, చిప్, చిన్న చిన్న ఫ్యాన్లు, అన్నీ. దాని పవర్ అడాప్టర్ 143 వాట్లు. స్క్రీన్ వెలగడానికైనా, చిప్ నడవడానికైనా, స్పీకర్లు మోగడానికైనా ఆ కరెంటులోంచే సర్దుకోవాలి.

ఇప్పుడు దీని పక్కన ఒక మామూలు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు పెట్టండి. 2023లో వచ్చిన ఎన్విడియా ఆర్టీఎక్స్ 4060. పెద్ద కార్డేం కాదు, ఆ వరసలో చిన్నది. అది ఒక్కటే 115 వాట్లు తాగుతుంది. ఆర్టీఎక్స్ 4090 అయితే 450 వాట్లు. గేమింగ్ అంటే సగం వేడితో కుస్తీ. తాగిన కరెంటంతా చివరికి వేడిగా మారి బయటికి పోవాల్సిందే. డబ్బా పెద్దగా ఉండేది ఎందుకంటే దాని లోపల ఖాళీ కావాలి, గాలి తిరగాలి. ఆల్ ఇన్ వన్‌లో లేనిది ఆ ఖాళీయే.

సూటిగా చెప్పాలంటే ఆల్ ఇన్ వన్ అనేది స్టాండుకు నిలబెట్టిన ల్యాప్‌టాప్. బ్యాటరీ ఉండదు, స్క్రీన్ పెద్దగా ఉంటుంది, అంతే తేడా. ఈ మాట అంటే షాపువాళ్లకు కోపం వస్తుంది కానీ, లోపల చిప్ మోడల్ నంబర్ చదివితే మీకే తెలుస్తుంది. మన షోరూముల్లో కనిపించే విండోస్ ఆల్ ఇన్ వన్‌లలో చాలా వాటి ప్రాసెసర్ నంబర్ చివర 'యు' అనే అక్షరం ఉంటుంది. అది తక్కువ కరెంటుతో నడవడానికి ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన రకం. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ప్రాసెసర్‌లోనే ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో సరిపెడతారు.

ఏం ఆడ్తవ్ రా?

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి అడిగాను. "గేమింగ్ గేమింగ్ అంటున్నవ్, అసలు ఏం ఆడ్తవ్?"

"బీజీఎంఐ, వాలరెంట్, జీటీఏ ఫైవ్. సైబర్‌పంక్ గూడ ఆడాల్నని ఉంది."

ఇక్కడే కథ మలుపు తిరిగింది. ఒక్కొక్కటీ చూద్దాం.

బీజీఎంఐ ఫోన్ గేమ్. దానికి ఇంకో లక్ష అక్కర్లేదు. వాలరెంట్ విండోస్ గేమ్, మ్యాక్‌లో రాదు. దాని చీటింగ్ నిరోధక సాఫ్ట్‌వేర్ వాన్‌గార్డ్ విండోస్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. జీటీఏ ఫైవ్ కూడా మ్యాక్‌కు రాలేదు. కౌంటర్ స్ట్రైక్ ఒకప్పుడు మ్యాక్‌లో ఉండేది. 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చాక మ్యాక్‌ను వదిలేశారు. అంటే మావాడు చెప్పిన నాలుగింటిలో ఒక్క సైబర్‌పంక్ 2077 మాత్రమే ఐమాక్‌లో నడుస్తుంది, అదీ 2025 జులై నుంచే.

యాపిల్ వాళ్లు గేమ్‌ల గురించి అసలు పట్టించుకోలేదని అనలేం. రెసిడెంట్ ఈవిల్ విలేజ్, డెత్ స్ట్రాండింగ్, అసాసిన్స్ క్రీడ్ షాడోస్ లాంటి పెద్ద పేర్లు మ్యాక్‌కు వచ్చాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2, మైన్‌క్రాఫ్ట్ నడుస్తాయి. మరోవైపు ఒక్కో తలుపూ మూస్తూ వచ్చింది కూడా వాళ్లే. 2019లో క్యాటలినా అనే వెర్షన్‌తో పాత 32 బిట్ సాఫ్ట్‌వేర్ మొత్తం ఆపేశారు. దాంతో ఎన్నో పాత గేమ్‌లు ఒక్క రాత్రిలో తెరుచుకోవడం మానేశాయి. 2020 చివర సొంత చిప్‌లు వచ్చాక మ్యాక్‌లోనే విండోస్ వేసుకునే బూట్ క్యాంప్ పోయింది. ఇంటెల్ మ్యాక్‌లకు బయటి నుంచి గ్రాఫిక్స్ కార్డు తగిలించుకునే వీలుండేది, కొత్త చిప్‌లలో అదీ లేదు.

ఇంకో చిక్కు స్క్రీన్. ఐమాక్ స్క్రీన్ 4480 x 2520. గుణిస్తే కోటీ 12 లక్షలకు పైగా పిక్సెల్స్. మామూలు ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల చిల్లర. ఫొటోలు చూడటానికి, అక్షరాలు చదవడానికి అది స్వర్గం. గేమ్‌కు వచ్చేసరికి ప్రతి ఫ్రేమ్‌కూ ఐదు రెట్లకు పైగా చుక్కలు గీయాలి. చిప్ అలిసిపోతుంది. రిజల్యూషన్ తగ్గించి ఆడొచ్చు, కానీ అప్పుడు ఆ స్క్రీన్‌కు పెట్టిన డబ్బు దేనికి?

పైగా అది 60 హెర్ట్జ్ స్క్రీన్. సెకనుకు 60 బొమ్మలు. అంటే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్జ్ మానిటర్‌లో అది 7 లోపే. వాలరెంట్‌లో మూల తిరిగిన శత్రువు మీకు ఎప్పుడు కనిపిస్తాడన్నది ఈ తేడా మీదే ఉంటుంది. మీ ఫోన్ స్క్రీనే 120 హెర్ట్జ్ అయ్యుంటుంది, సెట్టింగ్స్‌లో 60కి మార్చి పది నిమిషాలు స్క్రోల్ చేసి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

విండోస్ ఆల్ ఇన్ వన్ తీసుకుంటే మరి? న్యాయంగా చెప్పాలి. వాలరెంట్ చాలా తేలికైన గేమ్. మామూలు ఇంటెల్ గ్రాఫిక్స్‌తోనే లో సెట్టింగ్స్‌లో నడుస్తుంది. మీరు వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ తప్ప ఇంకేం ఆడరు, గెలుపోటములు ప్రాణం మీదికి తెచ్చుకోరు అంటే విండోస్ ఆల్ ఇన్ వన్‌తో బతికేయొచ్చు. దానికి లక్ష పైన పెట్టాల్సిన పని మాత్రం లేదు.

పేరు ఒకటే, సరుకు వేరు

"మరి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఆల్ ఇన్ వన్ తీసుకుంట" అన్నాడు మావాడు. తెలివైనవాడే. అలాంటివి ఉన్నాయి, ఉండేవి. 2017లో డెల్ తన ఇన్‌స్పిరాన్ 27లో రేడియాన్ ఆర్ఎక్స్ 580 పెట్టింది. అదే ఏడాది చివర్లో యాపిల్ ఐమాక్ ప్రో తెచ్చింది, అమెరికాలో మొదలు ధర 4,999 డాలర్లు. 2021లో హెచ్‌పీ ఎన్వీ 34లో ఆర్టీఎక్స్ 3080 దాకా ఇచ్చారు. ఇవన్నీ నిజంగా హైఎండ్ మెషీన్లే. ఐమాక్ ప్రోను 2021లో ఆపేశారు.

వీటితో వచ్చే ఇబ్బంది మొదటి రోజున తెలియదు, నాలుగో ఏట తెలుస్తుంది. 2017లో డబ్బా డెస్క్‌టాప్ కొన్నవాడు 2021లో పాత కార్డు పీకి అమ్మేసి కొత్తది పెట్టుకున్నాడు. ఆల్ ఇన్ వన్ కొన్నవాడికి స్క్రీన్ ఇంకా మిలమిలా మెరుస్తూనే ఉంటుంది, వెనక చిప్ మాత్రం ముసలిదైపోయి ఉంటుంది. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి కాబట్టి రెండూ కలిసే పోవాలి. పోనీ స్క్రీన్‌నైనా మానిటర్‌గా వాడుకుందామా అంటే, 2009 నుంచి 2014 మధ్య వచ్చిన కొన్ని ఐమాక్‌లలో ఆ సౌకర్యం ఉండేది. తర్వాత తీసేశారు. ఇప్పటి ఐమాక్‌కు ప్లేస్టేషన్ కూడా తగిలించలేరు.

ఇక పేర్ల తిరకాసు. బాక్సు మీద 'ఆర్టీఎక్స్' అని చూసి మోసపోకండి. డెస్క్‌టాప్ ఆర్టీఎక్స్ 4090లో 16,384 కోర్లు ఉంటే, ల్యాప్‌టాప్ 4090లో ఉన్నవి 9,728. ల్యాప్‌టాప్ 4060కి కంపెనీ ఇచ్చే కరెంటు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. అంటే ఒకే పేరున్న రెండు మెషీన్లలో ఒకటి పరిగెత్తొచ్చు, ఇంకోటి నడవొచ్చు. ఆల్ ఇన్ వన్‌లలో పెట్టేది ఎక్కువగా ఈ ల్యాప్‌టాప్ రకమే.

మన ఎండ, మన దుమ్ము, మన కరెంటు

యూట్యూబ్ రివ్యూలన్నీ ఏసీ గదిలో తీస్తారు. మన జిల్లాల్లో ఎవరి గేమింగ్ గదిలో ఏసీ ఉంది? మే నెలలో భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు 44, 45 డిగ్రీలు మామూలే. రేకుల గది అయితే చెప్పక్కర్లేదు. చిప్ చల్లబడాలంటే చుట్టూ ఉన్న గాలి దానికంటే చల్లగా ఉండాలి. పీల్చుకునే గాలే 40 డిగ్రీలుంటే చిన్న ఫ్యాన్ ఎంత తిరిగినా లాభం లేదు. అప్పుడు చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు గేమ్ బాగానే ఉండి తర్వాత ల్యాగ్ మొదలైందంటే నెట్‌ను తిట్టకండి, ముందు మెషీన్ వెనక చెయ్యి పెట్టి చూడండి.

దుమ్ము సంగతి భూపాలపల్లి వాళ్లకు నేను చెప్పాలా? ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీలు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రం వేలితో పేరు రాయొచ్చు. మహబూబాబాద్‌లో మార్కెట్ దగ్గర ఇల్లైతే మిర్చి సీజన్‌లో మనిషే తుమ్ముతాడు, ఫ్యాన్ ఉన్న మెషీన్ గతి ఏమిటి? డబ్బా కంప్యూటర్‌కు సైడ్ డోర్ స్క్రూలు విప్పి, బ్లోయర్ కొడితే పది నిమిషాల పని. ఐమాక్ తెరవాలంటే ముందు అద్దాన్ని జిగురు నుంచి కోసి లేపాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

రిపేర్ గురించి ఒక ముచ్చట. మహబూబాబాద్‌లో నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు రెండేళ్ల కింద ఆల్ ఇన్ వన్ కొన్నాడు. ఏ కంపెనీదో వద్దులెండి. వారంటీ అయిపోయిన మూడో నెలలో స్క్రీన్ మీద నిలువు గీత వచ్చింది. దాన్ని దుప్పట్లో చుట్టి, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని సికింద్రాబాద్ పట్టుకొచ్చాడు. ప్యానెల్ మార్చాలన్నారు. చెప్పిన రేటు కొన్న ధరలో దాదాపు సగం. మళ్లీ దుప్పట్లో చుట్టుకుని అదే రైల్లో వెనక్కి. అదే విడి మానిటర్ పోయి ఉంటే ఆ రోజు రాత్రికి ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టుకుని పని నడిపేవాడు. మహబూబాబాద్‌కు, జనగామకు కనీసం రైలుంది. భూపాలపల్లికి అదీ లేదు, బస్సులో హన్మకొండ దాకా రావాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం ఆల్ ఇన్ వన్‌కు మార్కులు వేయాలి. కరెంటు. గేమింగ్ డెస్క్‌టాప్ ఆట జోరులో 220, 250 వాట్లు లాగుతుంది, మానిటర్ వేరే. ఇంటి ఇన్వర్టర్ మీద పెడితే అమ్మ వచ్చి ఫ్యాన్ ఎందుకు ఆగిందని అడుగుతుంది. ఆల్ ఇన్ వన్ అందులో చిన్న భాగంతో సరిపెట్టుకుంటుంది. చిన్న యూపీఎస్ చాలు. గాలివానకు కరెంటు వస్తూ పోతూ ఉండే ఊళ్లలో ఇది చిన్న లాభం కాదు.

అలాగే అందరికీ వద్దని చెప్పడం లేదు. జనగామలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఫొటో స్టూడియో ఉంది అనుకోండి, ఐమాక్ స్క్రీన్ రంగులు వాళ్లకు అన్నం పెడతాయి. అకౌంట్స్ చూసుకునే షాపుకు, పిల్లల క్లాసులకు, కౌంటర్ మీద జాగా లేని మెడికల్ షాపుకు విండోస్ ఆల్ ఇన్ వన్ ముచ్చటగా సరిపోతుంది. ఎటొచ్చీ గేమింగ్ అనే మాట చేర్చినప్పుడే లెక్క తప్పుతుంది.

అదే డబ్బుతో

మావాడికి కాగితం మీద లెక్క రాసి వాట్సాప్‌లో పెట్టాను. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 4060 స్థాయి గ్రాఫిక్స్ కార్డు, మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్, ముందు జాలీ ఉన్న క్యాబినెట్. అన్నీ కలిపి 75 వేల చుట్టుపక్కల. 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్ ఓ పది, పన్నెండు వేలు. యూపీఎస్, కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్ మరో పది. ఎలా చూసినా లక్ష లోపే. ఇది అప్పటి మాట. ఆ తర్వాత ర్యామ్ రేట్లు మండిపోయాయి కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లు ఇంకొంచెం కలుపుకోండి, సికింద్రాబాద్ సీటీసీలో రెండు మూడు షాపులు తిరిగి కొటేషన్ తీసుకోండి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. మన వోల్టేజీకి ముందు దెబ్బ తినేది అదే, అది పోతూ పోతూ పక్కవాళ్లను తీసుకుపోతుంది.

హాస్టల్‌లో ఉండేవాళ్లైతే డబ్బా వద్దు, ఆల్ ఇన్ వన్ అసలే వద్దు. గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి. వేడి విషయంలో అదీ కష్టపడుతుంది కానీ, కనీసం వేడి కోసమే గాలి దారులు చేసి ఉంటాయి, బ్యాగులో పడుతుంది.

ఇన్ని చెప్పినా ఆల్ ఇన్ వనే కావాలంటే, షాపులో నాలుగు ముక్కలు అడగండి. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉందా, ఉంటే ఎన్ని వాట్లు? స్క్రీన్ ఎన్ని హెర్ట్జ్? ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తర్వాత పెంచుకోవచ్చా, లేక బోర్డుకే అతికించారా? హెచ్‌డీఎంఐ 'ఇన్' ఉందా? ఈ చివరిది చాలామంది అడగరు. అది ఉంటే రేపు లోపలి కంప్యూటర్ పాతబడినా స్క్రీన్‌ను మానిటర్‌గా వాడుకోవచ్చు, ప్లేస్టేషన్ పెట్టుకోవచ్చు. 'అవుట్' చూపించి 'ఇదే సార్' అంటారు, జాగ్రత్త.

రెండో రోజు రాత్రి చిన్నాయన ఫోన్ తీసుకున్నాడు. "ఏం రా, అంత మంచిగున్నది వద్దంటివట?"

"మంచిగనే ఉన్నది చిన్నాయన. వాడు ఆడే ఆటలు అండ్ల రావు."

కాసేపు చప్పుడు లేదు. "మరి ఇంకోటి ఎంతైతది?"

చెప్పాను.

"అంటే నలభై వేలు మిగుల్తయా?"

"మిగుల్తయి."

"చెల్లె ఫీజు ముప్పై ఎనిమిదున్నది" అన్నాడు. అంతే, ఫోన్ మళ్లీ వాడికిచ్చేశాడు.

దసరా అయ్యాక వచ్చే ఆదివారం సీటీసీలో కొన్నాం. నేనే బిగించాను. బస్సులో డబ్బా ఒక సీటు, మేమిద్దరం ఒక సీటు. ఇంటికి చేరాక చిన్నాయన దాన్ని నాలుగు వైపులా చూసి, "గింత పెద్ద డబ్బా ఏడ పెడ్తవ్ రా?" అన్నాడు. హాల్లో జాగా దొరకలేదు, వెనక రూములో కిటికీ పక్కన పెట్టాం. చిన్నమ్మ దుమ్ము పడకుండా పాత చీర కప్పింది. ఆన్ చేసేటప్పుడు ఆ చీర తీయాలని వాడితో మూడుసార్లు ఒట్టు వేయించుకుని బస్సెక్కాను.

పోయిన వారం వాడు ఫొటో పంపాడు. కుర్చీలో చెల్లె కూర్చుంది, స్క్రీన్ మీద ఫిజిక్స్ క్లాసు. వెనక మంచం మీద వీడు, చేతిలో ఫోన్, బీజీఎంఐ. కింద మెసేజ్: "అన్నా, తొమ్మిదింటికి ఇస్తా అన్నది."